తాసిల్దారు వెనక జమేదారు

ఆ ఎండాకాలం మా ఊళ్ళో నీలం రంగు కుక్క ఒకటి ఉండేది. నమ్మకుంటే అర్ధవీడు నుంచి కంభం దాకా ఎవర్నన్నా అడగండి. ఒళ్ళంతా నీలం గాదు, నోరొక్కటే అని కొందరు చెప్తారు. వాళ్ళు సరిగ్గా చూళ్ళేదు. నేను చూసినా. నాలుకా నీలమే, చిగుళ్ళూ నీలమే, కంటి కొసలూ నీలమే. దేవుడి అంశని చెప్పి పక్కూళ్ళ నుంచి ముసలమ్మలు కొబ్బరికాయలు పట్టుకొని బారులు తీరినారు. కొబ్బరికాయలు లేవులే, ఒట్టి చేతులతోనే వచ్చినారు. సరే, ముసలమ్మలు గాదు, ఒక్క ముసలామె. అది గూడా దారి తప్పి వచ్చింది.

కుక్క పేరు జమేదారు. మా మామ మాలకొండయ్య పెట్టిన పేరు. ఆయన నాకు మొగుడి తండ్రే గాదు, మా అమ్మకు తోడబుట్టిన తమ్ముడు గూడా. ఆయన భుజమెక్కి పెరిగినదాన్ని గాబట్టి, కోడలిగా వచ్చినాక గూడా నా నోటికి తాళం పడలేదు. మాది గొర్ల మంద. ఏటా ఊరి చుట్టూ గడ్డి మాడిపోంగానే మందను నల్లమల పైకి తోలకపోతారు, తొలకరి పడినాక దిగుతారు. పైన చిరుతలుంటాయి, రేచుకుక్కలుంటాయి. జమేదారు మెడకు ఇనుప ముళ్ళ పట్టెడ వేసుకొని మంద చుట్టూ తిరుగుతా ఉంటే, చిరుతలు అర్జీ పెట్టుకొని, జవాబొచ్చేదాకా బయటే కూర్చునేవి. అంత కట్టుదిట్టం.

అట్లాంటోడు ఆ ఏడు ఉగాది దాటినాక పడిపోయినాడు. అడవి అంచున పిడుదులు పట్టినాయి వాడికి. చెవుల్లో, వేళ్ళ సందుల్లో సెనగ్గింజల మాదిరి. పీకి నిప్పుల్లో వేసినాము గానీ అప్పటికే ఆలస్యమైంది. జ్వరమొచ్చింది. కూడు మానేసినాడు. ఉచ్చ చింతపులుసు రంగుకు తిరిగింది. మామ వాడి పెదవి పైకెత్తి చూసినాడు. లోపల ఎరుపనేదే లేదు. ఉడకేసిన నూలుగుడ్డ ఎట్లుంటుందో అట్లుంది.

నా మొగుడు గురవయ్య, మా బావ, చూసినన్నాళ్ళు చూసినాడు. గొర్లు ఆకలికి ఒకదాని బొచ్చు ఒకటి పీకుతా ఉండాయి.

"నాయనా, ఇంక ఆగితే మంద మిగలదు. నేను తోలకపోతా. వీడు లేచినాక నువ్వు తోడుకొని పైకి రా" అన్నాడు.

"కుక్క లేకుండా పోతావా రా?" అనింది మా అత్త లక్ష్మీదేవమ్మ.

"పోకుంటే ఎట్లమ్మా? గొర్లకు నన్ను వండి పెడతావా?"

మా అత్తకు పుట్టినోళ్ళలో మిగిలింది మా బావ ఒక్కడే. మంద దుమ్ము కనపడకుండా పోయేదాకా ఆమె వాకిట్లోనే నిలబడింది. మామ నిలబడలేదు. కుక్క పక్కన కూర్చొని ఈగలు తోల్తా ఉన్నాడు. మంద పైకి పోతా ఉంటే ఆయన ఇంటికాడ ఉండిపోవడం అదే మొదలు.

ఆయనతో పాటు ఇంకొకరు గూడా ఉండిపోయినారు. తాసిల్దారు. అంటే కుంటి పొట్టేలు. పోయినేడు బండరాయి దొర్లి దాని గిట్ట నలిగింది, కొండెక్కలేదు. నాలుగడుగులు వేసి నిలబడేది, తీరిగ్గా చుట్టూ చూసేది, మళ్ళీ నాలుగడుగులు. దాని వెనక ఎవరొచ్చినా ఆగాల్సిందే, తొందర పెట్టేదానికి లేదు. అందుకే ఆ పేరు నేను పెట్టినా. అసలు తాసిల్దారుకు తెలిస్తే నన్ను కర్నూలు జైల్లో వేయిస్తాడని మా అత్త భయం. జైల్లో కూడు పొద్దునే పెడతారంట, నన్ను వంట చెయ్యమనరంట, పోతాలే అత్తా అని నేను.

ఆ మాపటేల జమేదారు తల గూడా ఎత్తలేకపోయినాడు. మా అత్త తలకు పోసుకొని, తడి కోకతో వచ్చి, తాసిల్దారు నెత్తిన పసుపు నీళ్ళు పోసి, చెవి కొస కోసింది.

"అంకాలమ్మ తల్లీ, మా జమేదారు లేచి తిరిగితే ఈ ఏటి కొలుపు జాతరకే ఈ పొట్టేలు నీది" అని మొక్కింది.

"కుంటిదాన్నిస్తే అమ్మోరు ఊరుకుంటాదా అత్తా?" అన్నా.

"ఆమెకు పరిగెత్తే పనుందా ఏంది? నోర్మూసుకో."

చెవి కోసినాక ఆ జీవం ఇంక మనది గాదు. అమ్మేది లేదు, మార్చేది లేదు. మా పక్క చంటిపిల్లోడికి గూడా తెలుసు ఆ సంగతి.

తెల్లారి మామ అర్ధవీడు పోయినాడు. ఆ ఏడు పశువులకు పెద్దరోగం తగిలి, సర్కారు పశువుల డాక్టరు వరప్రసాదం గారు అక్కడ డేరా వేసుకొని ఎద్దులకు సూదులేస్తా ఉన్నాడు. కుక్కకు డాక్టరేందని ఊరంతా నవ్వింది. మామ ఏం చెప్పి తోడుకొచ్చినాడో గానీ, పొద్దెక్కకముందే డాక్టరు సైకిల్ తోసుకుంటా మా వాకిట్లోకొచ్చినాడు. "మా ఇంట్లో జమేదారు గారు చావుబతుకుల్లో ఉండారు అని చెప్పి ఉంటాడు, ఫారెస్టు జమేదారనుకొని పరిగెత్తుకొచ్చినాడు" అని నేను ఊళ్ళో చెప్పినా. అందరూ నమ్మినారు. మా అత్త గూడా నమ్మింది.

డాక్టరు నేల మీదే కూర్చొని వాడి పెదవి ఎత్తినాడు. చిగురు మీద బొటనవేలితో నొక్కి వదిలి చూసినాడు. రెప్ప తీసి చూసినాడు. సూది తీసి సిరా మాదిరి మందు ఎక్కించినాడు.

"రక్తంలో పురుగు చేరిందయ్యా. మందుకు పురుగు చస్తుంది. నోరు నీలంగా తిరుగుతుంది, భయపడొద్దు. అదే పోతుంది. కానీ పోయిన రక్తం మళ్ళీ ఊరాల. అది నా చేతిలో లేదు."

"ఎవరి చేతిలో ఉంది సామీ?" అన్నాడు మామ.

"నీ చేతిలోనే. లేచేదాకా పడుకోనియ్యి. లేచినాక నడిపించు. పొద్దు పొడవకముందు కొంచెం, పొద్దు గూకినాక కొంచెం. ఎండ తగలగూడదు. నాలుక బయటికేస్తే ఆపు. చిగురు తెల్లగా కనపడితే ఆ పూట నడకే వద్దు."

"మంచిగా తిని పడుకుంటే చాలదా?"

"ఊరికే కట్టేసి పెడితే కండ కరిగిపోతుంది. ఊరికే వదిలేస్తే గుండె ఆగిపోతుంది. నీళ్ళ రక్తం గదా, ఉరికితే గుండె మోయలేదు. ఆ రెండిటి నడుమన నడిపించాల. అర్థమైందా?"

మామ తలూపినాడు. డాక్టరు వాకిలి దాటినాక నా వైపు తిరిగి, "ఆ రెండిటి నడుమన ఏముంటుంది కాశమ్మా?" అన్నాడు.

ఏముంటుందో మాకెవరికీ తెలీదు.

నీళ్ళూ గంజీ పట్టంగా పట్టంగా వాడు లేచి నిలబడినాడు. నిలబడినాక వచ్చింది చిక్కు. జమేదారు మెడకు పట్టెడ తెలుసు గానీ తాడు తెలీదు. పుట్టినప్పటి నుంచి వాణ్ణి కట్టేసినోడు లేడు. తాడేస్తే నాలుగు కాళ్ళూ చాపి, కళ్ళు తేలేసి, చచ్చినోడి మాదిరి పడుకునేవాడు. మామ బతిమాలినాడు, పొగిడినాడు, బెల్లం చూపించినాడు. తనను చేసుకునేటప్పుడు గూడా ఈ మనిషి ఇంత బతిమాలలేదని మా అత్త గొణిగింది. తాడు తీస్తేనో, లేచి కొండ దిక్కు చూసి, మంద పోయిన దారినే ఉరికేవాడు. పది బారలు గూడా పోకుండానే కూలబడి, కొలిమి తిత్తి మాదిరి డొక్కలెగరేసేవాడు. మామ పోయి చేతుల మీద ఎత్తుకొచ్చేవాడు. కట్టేస్తే చచ్చినట్టు, వదిలేస్తే చచ్చేటట్టు. నడుమన ఏమీ లేదు.

ఒకనాడు తెల్లారుజామున నాకు తోచక ఒక పని చేసినా. మామ పాత తువ్వాలొకటి తెచ్చి, ఒక కొస తాసిల్దారు మెడకు, ఇంకో కొస జమేదారు మెడకు ముడేసి, పెళ్ళి చేసినా. ఇద్దరూ పనికిరానోళ్ళే, ఇద్దరూ మూలన పడినోళ్ళే, ఇంతకంటే ఈడూజోడూ ఎవరికి కుదురుతుంది? నాకొచ్చిన మంత్రాలన్నీ ముక్కుతో చదివినా. నాకు మంత్రాలేమీ రావు. చింతపండు తొక్కు ఎట్ల నూరాలో అదే రాగం తీసి చదివినా. ఉప్పు వేసేకాడికి వచ్చేసరికి తాసిల్దారుకు విసుగొచ్చి లేచి నాలుగడుగులు వేసింది.

జమేదారు లేచినాడు. నాలుగడుగులు వేసినాడు.

తాసిల్దారు నిలబడి చుట్టూ చూసింది. జమేదారు గూడా నిలబడినాడు. దాని తొడ దగ్గర మూతి పెట్టి, వాసన చూసి, వాడూ చుట్టూ చూసినాడు. మళ్ళీ నాలుగడుగులు. మళ్ళీ నిలబడడం. తువ్వాలు జారి కింద పడినా ఇద్దరికీ పట్టలేదు.

"కాశమ్మా, కదలొద్దు" అని మామ గొంతు వినపడింది. వాకిట్లో వేపపుల్ల నోట్లో పెట్టుకొని అట్లనే నిలబడిపోయి ఉన్నాడు.

"పెళ్ళి భోజనాలు లేవు మామా, చదివింపులు ఇచ్చి పో" అన్నా.

ఆయన నవ్వలేదు. కళ్ళు తుడుచుకున్నాడు. "వాడికి మంద దొరికిందే" అన్నాడు. "ఒక్క గొర్రె ఉన్నా మందే గదా వాడికి. మంద నడిస్తే నడుస్తాడు, ఆగితే ఆగుతాడు. మందను వదిలి ముందర ఉరకడు."

ఆ రోజు మొదలు రెండు పూట్లా మా ఊరి బాట మీద ఊరేగింపే. ముందర తాసిల్దారు, వెనక జమేదారు, వాడి వెనక మా మామ, అందరి వెనకా నేను. మా మామ మామూలు మనిషి గాదు, కంభం సంతకు పోతే తన నీడ ఇంకా సంతలోనే ఉండంగా తాను ఇల్లు చేరే రకం. అట్లాంటోడు పొట్టేలు వెనక అడుగులో అడుగేస్తా, అది ఆకు కొరికితే ఆగతా, అది నెమరేస్తే ఆకాశం చూస్తా నిలబడేవాడు. మేము వాగు గట్టు చేరేలోపల ఊళ్ళో ఒక పెళ్ళయి, కాపరమయి, విడాకులు గూడా అయిపోయేవి.

ఎదురొచ్చిన ప్రతివాడూ వంగి జమేదారు పెదవి ఎత్తి చూసేవాడు. చూసి ఏదో తెలిసినట్టు "ఊఁ" అనేవాడు. కొన్నాళ్ళకు జమేదారుకు అలవాటై, మనిషి కనపడితే చాలు తానే తలెత్తి పళ్ళు చూపించేవాడు. తెలీని పొరుగూరోళ్ళు బెదిరి పారిపోయేవాళ్ళు. నీలం మెల్లగా వెలిసింది. దాని కింద తెలుపు కనపడింది. ఆ తెలుపు చూసి మామ రెండు పూటలు అన్నం తినలేదు. తర్వాత ఆ తెలుపులో ఎక్కడో, ఉతికి ఉతికి వెలిసిన ఎర్రకోక రంగు వచ్చింది. మామ నన్ను పిలిచి చూపించినాడు, అత్తను పిలిచి చూపించినాడు, మళ్ళీ నన్ను పిలిచి చూపించినాడు.

నడిచేటప్పుడు మామ మాట్లాడేవాడు. అంతకుముందు ఆయన గొర్లతో తప్ప మనుషులతో అన్ని మాటలు మాట్లాడింది నేను చూళ్ళేదు.

"నీ మొగుడు పైన నిద్రపోడు" అన్నాడు ఒక మాపటేల. "కుక్క ఉంటే కాపరికి నిద్ర. కుక్క చెవి నిలబడి ఉందంటే మనం కన్ను మూయొచ్చు. నేను ఇన్నేళ్ళు నిద్రపోయినానంటే వీడి అమ్మ చలవ, వీడి చలవ. నా చిన్నోడు ఇప్పుడు కళ్ళు తెరుచుకొని కూర్చొని ఉంటాడు."

"నిద్ర లేకుంటే సన్నబడతాడు మామా, మంచిదే. పోయేటప్పుడు గుమ్మంలో పట్టలేదు."

"నీకు భయం లేదా పిల్లా?"

తాసిల్దారు ఆగింది, మేమంతా ఆగినాము.

"వానలకు ముందే వీణ్ణి పైకి తీసుకపోతా" అన్నాడు మామ.

డాక్టరు మళ్ళీ ఒకసారి మా ఊరి మీదుగా పోతా ఆగినాడు. బాట మీద మా ఊరేగింపు చూసి సైకిల్ దిగి, కడుపు పట్టుకొని నవ్వినాడు. "ఇంత మంచి డాక్టర్ని ఇంట్లో పెట్టుకొని నన్నెందుకు పిలిచినారయ్యా!" అని తాసిల్దారు వీపు నిమిరినాడు. జమేదారు అడక్కుండానే పళ్ళు చూపించినాడు. చిగురు నొక్కి చూసి, చెవి పెట్టి వాడి గుండె విన్నాడు. నవ్వు తగ్గించినాడు.

"ఇంకొక నెల ఇట్లనే. ఇదే నడక, ఇదే వేళ. బలమొచ్చినట్టు కనపడతాడు, మీరు నమ్మొద్దు. బలం ముందర కాళ్ళకొస్తుంది, గుండెకు చివర్న వస్తుంది. వాడికి ఆ తేడా తెలీదు."

మామ ఆ మాటలు ఇంటికొచ్చేదాకా గొణుక్కుంటానే ఉన్నాడు, మర్చిపోతానేమోనని.

తర్వాత నల్లమల నుంచి ఒక చెంచాయన తేనె అమ్మేదానికి దిగినాడు. మా బావ దగ్గర్నించి మాట తెచ్చినాడు. చిరుత మందలో పడిందంట. ఒకసారి గాదు, మళ్ళీ మళ్ళీ వస్తుందంట. "మీ పిల్లోడు చెట్టెక్కి కూర్చుంటా ఉండాడు, కుక్కెప్పుడొస్తుందని అడగమన్నాడు" అని చెప్పినాడు. మా అత్త ఆయనకు సంగటి పెట్టింది. కొండ దిక్కే చూస్తా పెట్టి సగం నేల పాలు చేసింది.

అదే రోజు ఊరి పెద్దలు కొలుపుకు దినం పెట్టినారు. వచ్చే మంగళవారం.

సందెవేళ అత్త చాట పట్టుకొని కూర్చుంటే మామ ఎదురుగా పోయి కూర్చున్నాడు.

"లక్ష్మీ, ఒక మాట. మందలో కొమ్ముల పొట్టేలుండాది. దానికి మించింది ఈ చుట్టుపక్కల లేదు. దాన్ని దింపుకొచ్చి అమ్మోరికిద్దాం. దీన్ని వచ్చే కొలుపుకు..."

"చెవి కోసినాక?"

"వీణ్ణి నడిపించేది అదేనే. ఒక్క నెల ఆగితే..."

"వాణ్ణి నడిపించేది అమ్మోరు. నీ కుంటి పొట్టేలు గాదు." మా అత్త చాట కింద పెట్టింది. "నేను మొక్కినా. వాడు లేచి తిరగతా ఉండాడు, ఊరంతా చూసింది. ఇప్పుడు పోయి నీకిచ్చిన మాట మాది గాదు అని చెప్పమంటావా? బిడ్డ పైన చెట్టు మీద కూర్చొని ఉంటే చెప్పమంటావా? నువ్వు చెప్తావా? చెప్పు, నువ్వు చెప్తానంటే నేను ఆగతా."

మామ కొండ దిక్కు చూసినాడు. లేచిపోయి తాసిల్దారు పక్కన కూర్చొని, దాని గిట్టలో ఇరుక్కున్న మట్టి పుల్లతో తీస్తా ఉన్నాడు. చీకటి పడినా తీస్తానే ఉన్నాడు. నేను దీపపు బుడ్డి తీసుకపోయి పక్కన పెట్టినా. ఏదన్నా నవ్వే మాట చెప్దామని నిలబడినా. నాకేమీ తోచలేదు.

కొలుపునాడు పొద్దున నడక కాంగానే మామ జమేదారును గుడిసెలోకి తీసుకపోయినాడు. ఎండలో తీసుకపోగూడదు, డప్పుల నడుమకు తీసుకపోగూడదు. తడిపిన గోనె పరిచి, కుండలో నీళ్ళు పెట్టి, మెడకు తాడేసి గుంజకు కట్టినాడు. వాడు ఎప్పటి మాదిరే కాళ్ళు చాపి చచ్చినట్టు పడుకున్నాడు. "అట్లనే పడుకో నాయనా" అని మామ తలుపు దగ్గరికేసినాడు. ఊళ్ళో కాపలా పెట్టేదానికి మనిషి లేడు. కొలుపంటే చంటిబిడ్డతో సహా అందరూ అమ్మోరి దగ్గరే.

గుడి వాగు అవతల, గుట్ట మొదట్లో. మేము చేరేసరికి పొద్దు నడినెత్తికొచ్చింది. వాగులో ఇసుక అరికాళ్ళు కాల్చేసింది. మొక్కున్నోళ్ళు వరసగా పొట్టేళ్ళను నిలబెట్టినారు. పూజారి ఒక్కోదాని మీద పసుపు నీళ్ళు చల్లుతాడు. అది ఒళ్ళు విదిలిస్తే అమ్మోరు ఒప్పుకున్నట్టు. విదిలించకుంటే ఆమెకు ఇష్టం లేదని ఇంటికి తోలకపోతారు. అట్ల తోలకపోయింది ఎవరి ఎరుకలోనూ లేదు. నీళ్ళు పడితే ఏ జీవమన్నా విదిలిస్తుంది.

మా ముందరోళ్ళవన్నీ విదిలించినాయి. మా వంతొచ్చింది. పూజారి నీళ్ళు చల్లినాడు.

తాసిల్దారు చుట్టూ చూసింది. అంతే.

మళ్ళీ చల్లినాడు. ఈసారి నెత్తిన పోసినాడు. నీళ్ళు చెవుల మీద నుంచి కారినాయి. అది కదల్లేదు.

డప్పులు ఆగినాయి. మా అత్త ముఖం పాలిపోయింది. "తల్లీ, ఏం తప్పు చేసినామే తల్లీ" అని మోకాళ్ళ మీద పడింది. మామ మాత్రం నా చెయ్యి పట్టుకున్నాడు. అంత గట్టిగా ఎప్పుడూ పట్టుకోలేదు. "ఇష్టం లేదంటుంది కాశమ్మా" అన్నాడు లోగొంతుతో. "అమ్మోరే వద్దంటా ఉంది. మనం గాదు. ఆమే."

నేను తాసిల్దారు చెవిలో చెప్పినా. "కదలొద్దు నాయనా. నువ్వు సర్కారోడివి, కదలకుండా ఉండేది నీకు పుట్టుకతో వచ్చిన విద్య. ఈ ఒక్క పూట నీ ఉద్యోగం నువ్వు చెయ్యి."

పూజారి మూడోసారి చల్లినాడు. అది నిలబడే ఉంది. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఇంక విప్పెయ్యండయ్యా" అని ఎవరో అన్నారు గూడా. మామ వంగి తాసిల్దారు మెడలో పగ్గం పట్టుకున్నాడు.

అప్పుడు వెనక నుంచి జనం పక్కకు జరిగినారు.

జమేదారు. మెడకు కొరికిన తాడు ముక్క వేలాడతా ఉంది. ఇసుకలో పడి ఉరికొచ్చినట్టున్నాడు, అరికాళ్ళు కమిలి ఉన్నాయి. ఎవర్నీ చూళ్ళేదు. పళ్ళు చూపించలేదు. నేరుగా వచ్చి తాసిల్దారు వెనక, రోజూ నిలబడే చోటే నిలబడి, దాని తొడకు మూతి ఆనించినాడు.

తాసిల్దారు నెత్తి నుంచి తోక దాకా ఒళ్ళంతా విదిలించింది. పసుపు నీళ్ళు మా అందరి ముఖాల మీద పడినాయి.

"ఒప్పుకుంది!" అని ఊరంతా అరిచింది. డప్పులు మోగినాయి. మా అత్త ఏడస్తా నేలకు తల ఆనించి మొక్కతా ఉంది.

మామ అటు చూళ్ళేదు. జమేదారు ముందర కూర్చొని వాడి పెదవి ఎత్తినాడు. నేను పక్కనే ఉన్నా గాబట్టి ఆ తెలుపు నాకు కనపడింది. ఆయన వెంటనే పెదవి దించేసినాడు.

"పద, నీడకు పోదాం" అన్నాడు వాడితో. నాతో, "మీ అత్తకు చెప్పొద్దు" అన్నాడు.

గుడి వెనక చెట్ల కింద పడుకోబెట్టినాము. పొట్టేలును పగ్గం పట్టి లాగుతా ఉంటే వాడు లేవబోయినాడు. మామ అరచెయ్యి వాడి కళ్ళ మీద పెట్టినాడు. రెండో చేత్తో చెవి నిమురుతా ఉన్నాడు. "మంద యాడికీ పోలేదు లేరా" అన్నాడు. "ఇక్కడే ఉంది. మేస్తా ఉంది." నేను నా కొంగు తడిపి తెచ్చి వాడి నాలుక మీద పిండినా. నీళ్ళు పక్కకు కారిపోయినాయి. డొక్కలు కాసేపు ఎగిరినాయి. తర్వాత తక్కువ ఎగిరినాయి. డప్పు ఇంకా మోగతానే ఉండంగా మామ కళ్ళ మీద చెయ్యి తీసినాడు.

మా బావ తొలకరికి మందతో దిగొచ్చినాడు. ఒంటి మీద గీటు గూడా లేదు. అమ్మోరు మాట నిలబెట్టుకుందని మా ఇంట్లో ఎవరూ అనలేదు. మామ మళ్ళీ కొండెక్కలేదు. ఎవరో మంచి జాతి కుక్కపిల్లను తెచ్చిస్తే మా బావ చేతికిచ్చి, పేరు నువ్వే పెట్టుకో అన్నాడు. కంభం సంతకు పోతే ఇప్పుడు పొద్దుగూకినాక ఇల్లు చేరతాడు. ఆయన వెనక నేను నడిస్తే నా కాళ్ళు నొప్పులు పుడతాయి, అంత మెల్లగా.

కొలుపునాటి ఆ మధ్యాన్నం మాత్రం మేము ఇంటికి పోలేదు. పోగూడదు. మొక్కిచ్చిన దాన్ని అక్కడే వండాల, అక్కడే తినాల, వాగు దాటి ఒక్క మెతుకు ఇంటికి రాగూడదు. ఇచ్చిన ఇంటి పెద్ద తినకుంటే ఇచ్చినట్టే గాదు. మా అత్త మూడు రాళ్ళు పెట్టి వండింది. వండినంతసేపూ మామ ఎక్కడని అడుగుతానే ఉంది, నీడన ఉండాడని నేను చెప్తానే ఉన్నా.

విస్తరి తీసుకొని చెట్ల కిందికి తానే వచ్చింది. జమేదారు మీద మామ తువ్వాలు కప్పి ఉంది. ముఖం గూడా కప్పి ఉంది.

అత్త నిలబడిపోయింది.

"ఎప్పుడు?" అనింది.

"ఇందాక."

విస్తరిలో పులుసు అంచు మీద నుంచి కారి ఆమె మణికట్టు మీద పడతా ఉంది. కాలే పులుసే.

"నన్నొక మాట అనయ్యా" అనింది చివరికి. "తిట్టు. అందరి ముందర తిట్టు."

మామ చెయ్యి చాపి విస్తరి అందుకొని ముందర పెట్టుకున్నాడు. చెంబుతో చెయ్యి కడుక్కున్నాడు. ముద్ద కలిపినాడు. నమిలినాడు, మింగినాడు. తల ఎత్తలేదు. నడుమ నడుమ నీళ్ళు తాగేవాడు, మళ్ళీ ముద్ద కలిపేవాడు. ఎముక గూడా వదల్లేదు. ఆకు ఖాళీ అయ్యేదాకా మా అత్త ఆయన ఎదురుగా నిలబడే ఉంది.

ఆయన వేళ్ళు ఆకు మీద ఒకసారి తుడిచి, ఆమె దిక్కు చూసినాడు.

"బాగుంది లక్ష్మీ" అన్నాడు. "ఇంకొంచెం పెట్టు."